కోడు వ్రాయ నేర్చు పిల్లలకు, వారి తల్లిదండ్రులకు



వేసవిలో పరీక్షాఫలితములు వెలువడిన నాటినుండి కళాశాలలు తెరచు నాటివరకు, రేణిగుంటలో ఏ ఇంటి అరుగుమీద కూర్చున్నను, ఏ టీ అంగడిముందు నిలిచినను, ఒక ప్రశ్న చెవిని బడక మానదు. “ఏం నేరిస్తే పిల్లోడికి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వస్తాది సామీ?” అని ఒక తండ్రి అడుగును. ప్రక్కనున్నవాడు, తన మేనల్లుడు బెంగుళూరిలో జావా పనిలో స్థిరపడినాడు గనుక, జావా అనును. వేరొకడు పైథాన్ అనును. మూడవవాడు, తానెన్నడును కంప్యూటరు ముట్టనివాడయ్యును, అవన్నియు పాతబడినవి, ఇప్పుడంతయు ఏ.ఐ. యేనని తేల్చివేయును. సంభాషణ ముగియునప్పటికి ఆ తండ్రి చేతిలో ఒక శిక్షణసంస్థవారి కరపత్రమును, మనస్సులో చెల్లింపవలసిన రుసుమును మిగులును. పిల్లవానిని మాత్రము ఎవరును ఏమియు అడిగియుండరు.

ఏ ప్రోగ్రామింగు భాష నేర్వవలెనను ప్రశ్న నిరర్థకమని నేననను. కాని అది రెండవ ప్రశ్న. మొదట అడుగవలసినది వేరొకటి యున్నది: నీవు వ్రాయు ప్రోగ్రాము ఎవరి పనికి వచ్చును, అది పనిచేయనినాడు నీ ఇంటికి వచ్చి నిన్ను నిలదీయువారెవరు? ఈ ప్రశ్నకు బదులుగా ఒక మనుష్యుని పేరు చెప్పగల విద్యార్థి, చేతిలో పట్టా లేకున్నను, ఈ వృత్తిలో ప్రవేశించినాడనియే నా అభిప్రాయము. ఈ మాట మన కళాశాలల పద్ధతికి కొంత విరుద్ధముగా తోచవచ్చును గనుక, కారణములు విన్నవించుకొనెదను.

గూడూరునుండి మన రేణిగుంటకు వచ్చు రైలుమార్గమున శ్రీకాళహస్తి యున్నది. దాని సమీపమునందలి కాటూరు గ్రామములో 1937వ సంవత్సరమున ఒక వ్యవసాయకుటుంబమునందు జన్మించి, ఆ కుటుంబములో కళాశాలలో అడుగిడిన ప్రథమవ్యక్తియై, పిదప లోకమున రాజ్ రెడ్డి యను పేర ప్రసిద్ధులైన దబ్బల రాజగోపాలరెడ్డిగారు, 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలసి ట్యూరింగ్ పురస్కారమును స్వీకరించిరి. కంప్యూటరు శాస్త్రములో దానికి మించిన గౌరవము లేదు. ఆసియాఖండమువారిలో దానిని పొందిన మొదటివారు మన పాత చిత్తూరు జిల్లావారు. మన పిల్లలకు ఈ సంగతి పాఠ్యపుస్తకములలో కానరాకుండుట ఎందువలననో నాకు బోధపడదు. అయినను వారు గమనింపదగినది పురస్కారముకంటె ఆయన నడచిన దారి. మద్రాసు గిండీ ఇంజనీరింగు కళాశాలలో 1958లో ఆయన పొందిన పట్టము సివిల్ ఇంజనీరింగునకు సంబంధించినది. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయమున 1960లో ఉన్నతపట్టము పొంది, ఆ దేశముననే ఐ.బి.ఎం. సంస్థలో కొంతకాలము పనిచేసి, తరువాత అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున జాన్ మెకార్తీ శిష్యులై 1966లో డాక్టరేటు సంపాదించిరి; 1969లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున చేరి, 1979లో అచ్చటి రోబోటిక్స్ సంస్థకు స్థాపక సంచాలకులైరి. ఈ మార్గమంతటను ఆయనను నడిపించినది ఏదో యొక ప్రోగ్రామింగు భాషపై మక్కువ కాదు; మనుష్యుడు పలికిన పలుకును యంత్రము గ్రహింపగలదా యను సమస్య. నేను ఈ మైకుముందు చెప్పుచున్న మాటలను నేడొక ఫోను అప్పటికప్పుడు అక్షరములుగా మార్చి చూపగలుగుచున్నదన్న, ఆ విద్యకు పునాదులు వేసినవారిలో కాటూరివారొకరు.

పల్లెపిల్లల కొరకు 2008లో వెలసి, జనుల నోట ట్రిపుల్ ఐటీ అని పిలువబడు రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయమునకు తొలి ఛాన్సలరు కూడ ఆయనయే; దాని ప్రాంగణములలో నొకటి మన పొరుగు కడప జిల్లాలోని ఇడుపులపాయలో నున్నది. ఇక నేనింతకుముందు చెప్పిన ఆ రైలుమార్గముననే, శ్రీకాళహస్తికిని రేణిగుంటకును నడుమనున్న ఏర్పేడు చెంత, 2015లో ప్రారంభమైన తిరుపతి ఐ.ఐ.టి. నేడు స్వంత ప్రాంగణములో నడచుచున్నది. అందులో సీటు రానందున జీవితమంతయు వ్యర్థమైనట్లు క్రుంగిపోవు పిల్లలను చూచుచున్నాము. కాటూరి బాలుడు చదువుకొనుచున్న దినములలో ఏర్పేడున ఐ.ఐ.టి. లేదని మాత్రము వారికి చెప్పదలచినాను.

రాజ్ రెడ్డిగారికి పురస్కారము వచ్చిన మరుసటి సంవత్సరము, 1995 ఆగష్టు 15వ తేదీన, విదేశ్ సంచార్ నిగమ్ సంస్థ మన దేశమున ప్రజలకు ఇంటర్నెట్టు సౌకర్యమును కల్పించినది. పిదప 2000 సంవత్సరము సమీపించుకొలది, సంవత్సరమును చివరి రెండంకెలతోనే గుర్తించు పాత ప్రోగ్రాములు సున్న సున్నను చూచి 1900 అని భ్రమించునను భయము పాశ్చాత్యదేశముల బ్యాంకులను, బీమా సంస్థలను పట్టుకొనగా, ఆ లోపమును సవరింపగల మనుష్యుల కొరకు వారు చేసిన అన్వేషణ తెలుగువారి ఇండ్లవరకు వచ్చినది. 1998 నవంబరులో హైదరాబాదున సైబర్ టవర్స్ ప్రారంభోత్సవము జరిగినది. అమీర్‌పేటలో మైత్రీవనము చుట్టుప్రక్కల శిక్షణశాలలు బారులు తీరినవి. మన ప్రాంతపు యువకులు హైదరాబాదుతోబాటు, ఇంకను దగ్గరగా నున్న చెన్నపట్టణమునకును బెంగుళూరునకును తరలిపోయిరి. ఈ చరిత్ర మీ యెరుకలోనిదే గనుక విస్తరింపను. ఒక్క విశేషమును మాత్రము చెప్పవలెను. ఆనాడు అమీర్‌పేట గోడలమీద పెద్ద అక్షరములతో కనబడిన కోర్సుల పేర్లలో అనేకము నేటి గోడలమీద కానరావు. కాని ఎడ్గర్ కాడ్ అను శాస్త్రజ్ఞుడు 1970లో ప్రకటించిన పద్ధతి, అనగా సమాచారమును పట్టికలుగా అమర్చి పట్టికకును పట్టికకును సంబంధము కలుపు పద్ధతి, ఏబది సంవత్సరములు గడచినను చెక్కుచెదరలేదు. గోడమీది పేరు చూచి నేర్చుకొనినవాడు గోడకు మరల సున్నము వేసినప్పుడెల్ల క్రొత్తగా మొదలుపెట్టవలసి వచ్చును.

వెబ్ అభివృద్ధి యన నేమో మన ఊరివారికి సుపరిచితమైన ఒక ఉదాహరణముతో చూపెదను. తిరుమల శ్రీవారి ప్రత్యేక ప్రవేశ దర్శనమునకు మూడువందల రూపాయల టికెట్లను దేవస్థానమువారు ప్రతినెల ఆన్‌లైనులో, సాధారణముగా మూడు నెలలు ముందుగా, ఉదయము పది గంటలకు విడుదలచేయుదురు. పది కొట్టగనే దేశమంతటను, విదేశములలోను, ఫోనులముందు కాచుకొనియున్నవారి వ్రేళ్లు ఒకేసారి కదలును. ఆ వ్రేలు తాకుటకును టికెట్టు చేతికందుటకును నడుమ ఏమి జరుగుచున్నదో ఒక ఇంజనీరింగు విద్యార్థి వివరింపగలిగెనా, వానికి పాఠములలో సగము తెలిసినట్లే.

ముందుగా ఫోనులోని బ్రౌజరు, మనము వ్రాసిన చిరునామా యే అంకెలకు సంబంధించినదో విచారించి తెలిసికొని, ఆ అంకెలుగల సర్వరుతో, దారిలో నెవ్వరును చదువలేని రహస్యలిపిలో, సంభాషణ ప్రారంభించును. సర్వరు ఒక పేజీని పంపును. అందులో ఏ యే భాగములున్నవో చెప్పునది హెచ్.టి.ఎం.ఎల్., అవి కంటికెట్లు కనబడవలెనో చెప్పునది సి.ఎస్.ఎస్., తాకినప్పుడు ఎట్లు స్పందింపవలెనో చెప్పునది 1995లో బ్రెండన్ ఐక్ పది దినములలో తొలిరూపు కల్పించిన జావాస్క్రిప్టు. ఈ పేజీల వ్యవస్థను 1989లో ప్రతిపాదించినవాడు జెనీవా చెంతనున్న సెర్న్ అణుభౌతిక పరిశోధనాలయములో పనిచేయుచుండిన టిమ్ బెర్నర్స్ లీ. 1993 ఏప్రిల్ 30వ తేదీన ఆ పరిశోధనాలయమువారు, ఈ విద్యను ఎవ్వరైనను ఎట్టి రుసుమును చెల్లింపకుండ వినియోగించుకొనవచ్చునని ప్రకటించిరి. రేణిగుంట పిల్లవాడు ఎవరి అనుమతియు కోరకుండ నేడొక వెబ్‌సైటు నిర్మింపగలుగుచున్నది ఆ ప్రకటన పుణ్యముననే.

ఇంతవరకు సులభము. కష్టమంతయు ఇక నున్నది. ఒక దినమునకు ఒకే యొక టికెట్టు మిగిలినదనుకొనుడు. రేణిగుంటలో నొకరును, డల్లస్‌లో నొకరును, ఒకే క్షణమున దానిని కోరిరి. ప్రోగ్రాము మొదటివారి కొరకు చూచినప్పుడు ఒకటి యున్నది. రెండవవారి కొరకు చూచినప్పుడును, మొదటిది ఇంకను తగ్గింపబడలేదు గనుక, ఒకటి యున్నది. ఇద్దరికిని టికెట్టు ముట్టినది! చూచుటయు తగ్గించుటయు విడదీయరాని ఒకే చర్యగా జరిగిననే గాని ఈ అనర్థము తప్పదు. బ్యాంకులును రైల్వేలును దీనినే ట్రాన్సాక్షన్ అందురు. ఈ విషయమున చేసిన కృషికే జిమ్ గ్రే 1998లో ట్యూరింగ్ పురస్కారము నందినాడు. పిమ్మట సొమ్ము చెల్లించు ఘట్టము. ఖాతాలో మూడువందలు తగ్గినవి, కాని ఆ వార్త తిరిగివచ్చులోపల సిగ్నలు పోయినది. భక్తుడు ఆందోళనతో మరల నొక్కును. అప్పుడు ప్రోగ్రాము ఇది క్రొత్త కోరిక కాదనియు, పాతదే మరల వచ్చినదనియు గుర్తింపవలెను. దానికై ప్రతి కోరికకు మొదటనే ఒక సంఖ్య కేటాయింపవలెను. డబ్బు కట్టక మధ్యలో విడిచిపోయినవాని టికెట్టును కొన్ని నిమిషములు వేచి, పిదప ఇతరులకు విడుదలచేయవలెను. ఇక వచ్చినవారినందరిని ఒక్కసారి లోనికి విడిచిన సర్వరు కుప్పగూలును గనుక, కొండమీద వైకుంఠము క్యూ కాంప్లెక్సులో భక్తులను కంపార్టుమెంట్లలో కూర్చుండబెట్టి విడతలు విడతలుగా వదలునట్లే, ఇచ్చటను వచ్చినవారిని వాకిట నిలిపి, లోపలి శక్తి ననుసరించి పంపవలెను.

చూచితిరా, ఇందులో నేను జావా యనలేదు, పైథాన్ అనలేదు. ఆ రెంటిలో దేనితోనైనను ఈ పని చేయవచ్చును. ఒక విద్యార్థి తన గదిలో పది టికెట్లుగల చిన్న నమూనా నిర్మించి, స్నేహితుల నిరువదిమందిని ఒకేసారి ఫోనులు నొక్కుడని కోరి, పదునొకండవ టికెట్టు అమ్ముడుపోకుండ కాపాడగలిగెనేని, ఆ సాయంకాలము వాడు నేర్చుకొనినది ఆరునెలల కోర్సులోను దొరకదు.

మన భాషవారికి మాత్రమే చేతికందు మరియొక పాఠశాల యున్నది. అది మన లిపి. ప్రపంచలిపులన్నిటికిని సంఖ్యలు కేటాయించు యూనికోడ్ విధానములో 1991లోనే తెలుగునకు స్థానము లభించినది. కంటికి నాలుగక్షరములుగా కనబడు ‘రేణిగుంట’ ఆ విధానములో ఎనిమిది సంకేతములు. రకారము, దాని ఏత్వము, ణకారము, దాని గుడి, ఇట్లు వేరువేరుగా లెక్కింపవలెను. నేడు సర్వత్ర వాడుకలోనున్న యు.టి.ఎఫ్. 8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతమునకు మూడేసి బైట్ల చొప్పున ఇరువదినాలుగు బైట్లగును. ఇంగ్లీషు లిపిలో అదే పేరు తొమ్మిది బైట్లతో సరిపోవును. ఊరిపేరునకు ఇరువది బైట్లు చాలునని ఎచ్చటనో కూర్చుండి నిర్ణయించిన ప్రోగ్రామరు దయవలన మన ఊరు ‘రేణిగు’ అని ముద్రితమై, దాని ప్రక్కన నొక ప్రశ్నార్థకమో, ఖాళీ పెట్టెయో దర్శనమిచ్చును. ఇంటర్వ్యూలలో క్రొత్తవారిని తరచుగా అడుగు ప్రశ్న, ఒక పదమును వెనుకనుండి ముందునకు త్రిప్పి వ్రాయుమనుట. కంఠస్థము చేసిన జవాబు ఇంగ్లీషు పదమునకు చక్కగా పనిచేయును. అదే ప్రోగ్రామునకు ‘శ్రీకాళహస్తి’ యిచ్చి చూడుడు, వత్తులును గుణింతములును దిక్కులేనివై చెల్లాచెదరగును. ఆ చెదరుటకు కారణమేమో వెదకిన విద్యార్థికి కంప్యూటరు అక్షరమును ఎట్లు దాచుకొనునో తెలియవచ్చును.

ఇది వినోదమాత్రము కాదు. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అను తెలుగు అక్షరము, ఒక ప్రత్యేకమగు కూర్పుతో సందేశములో వచ్చిన, ఆపిల్ సంస్థవారి ఐఫోనులలో ఆ సందేశపు యాపులు తెరచుట తోడనే ఆగిపోవుట లోకమంతట వార్తయైనది. ఆ నెల 19వ తేదీన విడుదలయిన ఐఫోను సాఫ్ట్‌వేరు 11.2.6 సంచికలో వారు దానిని సవరించిరి. ప్రపంచములోని మిక్కిలి ధనికసంస్థలలో నొకటైన దాని పరీక్షకులకంట పడని లోపము అది. తెలుగు చదువనేర్చిన పిల్లవాడు, తన తల్లి పేరును, తాత పేరును, వత్తుమీద వత్తు గల ఊళ్ల పేర్లను ప్రతి యాపులోను వ్రాసి చూచుటను అలవాటు చేసికొనిన, పరీక్షకుడుగా వానికి ఇతరులకు లేని కన్ను ఒకటి యుండును.

ఇక ఎవరి కొరకు వ్రాయవలెను? మన చుట్టు చూడుడు. ఈ జిల్లాలు మామిడికి ప్రసిద్ధములు. దామలచెరువు మండీకి సీజనులో కాయ ఎట్లు దిగునో మీరెరుగుదురు. ఒక విద్యార్థి, తనకు పరిచయమున్న ఒక చిన్న మండీ యజమానికి లెక్కల ప్రోగ్రాము చేసిపెట్టెదనని పూనుకొనినాడనుకొందము. మొదటి దినమున వాడు రైతుపేరు, తూకము, ధర అను మూడు గడులతో అందమైన పేజీ చేసి తెచ్చును. యజమాని నవ్వును. ఒకే ఊరినుండి ఒకే పేరుగల ఇద్దరు రైతులు వచ్చిరి, ఎవరి లెక్క ఎవరిది? కాయ ఉదయము దిగినది, ధర సాయంకాలమునకు గాని తేలదు. ధర గడిలో నేమియు వ్రాయనిదే నీ పేజీ ముందుకు సాగనీయదేమి? కమీషను, కూలి, నిరుడు తీసికొనిన అడ్వాన్సు తీసివేసినగాని రైతునకు ముట్టు సొమ్ము తెలియదు. తప్పుగా వ్రాసిన అంకెను నా పుస్తకములో కొట్టివేసి ప్రక్కన వ్రాయుదును, పాత అంకె కనబడుచునే యుండును. నీ దానిలో చెరిపివేసిన ఎవరు చెరిపిరో తెలియదే? మధ్యలో కరెంటు పోయిన సగము వ్రాసిన చీటీ యేమగును? రైతు చేతికి తెలుగులో చీటీ యిత్తువా, లేదా?

ఈ ప్రశ్నలలో ప్రతి యొక్కటియు, పెద్ద సంస్థలలో పది సంవత్సరములు పనిచేసినవారు తలలు పట్టుకొను ప్రశ్నయే. మనుష్యులను పేరుతో గాక సంఖ్యతో గుర్తించుట, తెలియని విలువకు సున్నకాని చోటుంచుట, మార్పుల చరిత్రను భద్రపరచుట, సగములో ఆగిన పనిని వెనుకకు త్రిప్పుట, ఇవన్నియు ఆ మండీ యజమాని, తానెరుగకయే, బోధించినాడు. కళాశాలలలో నాలుగవ సంవత్సరమున సమర్పించు ప్రాజెక్టులను గూర్చి యిచ్చట ఒక మాట అనక తప్పదు. వానిలో అధికభాగము అంగళ్లలో వెలకు దొరకునవియే యనుట బహిరంగ రహస్యము. గ్రంథాలయ నిర్వహణము, విద్యార్థుల హాజరు, అవే పేర్లు, అవే చిత్రపటములు. వానిని ఎవరును వాడరు గనుక వానిలో తప్పులు బయటపడవు. తప్పులు బయటపడవు గనుక నేర్చినదియు లేదు.

సాధనములకై పెద్ద వ్యయము అక్కరలేదు. ఫోనుమీద పాఠములు వినవచ్చును గాని కోడు వ్రాయుట దుస్సాధ్యము. కొంత పాతదైనను ఒక లాప్‌టాప్ కావలెను, దానిపై ఉచితముగా లభించు లినక్సు ఆపరేటింగు సిస్టమును వేసికొనవచ్చును. ఐ.ఐ.టి.లు కలసి 2003లో ప్రారంభించిన ఎన్‌పీటెల్ పాఠములు ఉచితముగా వినవచ్చును. వెబ్ భాషలకు మొజిల్లావారు తెరచియుంచిన వివరణలకంటె మెరుగైన పుస్తకమును వెలపెట్టి కొనజాలము. లినక్సునకు మూలపురుషుడైన లైనస్ టోర్వాల్డ్స్ 2005లో కల్పించిన గిట్ అను సాధనమును మొదటి వారములోనే అభ్యసింపవలెను. నేడు చేసిన మార్పు నిన్నటిదానిని పాడుచేసినప్పుడు వెనుకకు పోవుటకు అది దారి చూపును. మండీ ప్రోగ్రామును ఆ విధముగా భద్రపరచి గిట్‌హబ్ అను వెబ్‌సైటులో నుంచినవాడు, ఇంటర్వ్యూలో రెజ్యూమె చదివి వినిపింపనక్కరలేదు. అది తెరచి చూపి, ధర గడి కథ చెప్పిన చాలును.

తెలుగు మాధ్యమములో చదివినవారికి ఇంగ్లీషు భయము సహజము. ఆ భయము సకారణమే గాని, దానిని రెండుగా విభజించి చూడవలెను. అనర్గళముగా మాటలాడుట వేరు, చదివి అర్థము చేసికొనుట వేరు. మొదటిది కొలువులో చేరిన పిదప తోటివారి సాంగత్యమున కొంత వచ్చును. రెండవది మాత్రము మొదటినాటినుండియే కావలెను. ప్రోగ్రాము ఆగినప్పుడు తెరమీద కనబడు ఎర్రని వాక్యములను మన పిల్లలు చదువరు. వానిని చూచినంతనే కిటికీ మూసివేసి స్నేహితునికి ఫోను చేయుదురు. ఏ ఫైలులో ఏ పంక్తిలో ఏమి లోపించినదో ఆ వాక్యములే చెప్పుచుండగా! దినమునకొక లోపవాక్యమును నోటుపుస్తకములో వ్రాసికొని, దాని అర్థమును తన తెలుగులో వ్రాసికొనుచు పోయిన, ఒక సంవత్సరమునకు భయము దానంతట నది తగ్గును.

తల్లిదండ్రులతో ఒక హెచ్చరిక చెప్పవలసియున్నది. సొమ్ము కట్టిన ఉద్యోగమిప్పించెదమనువారు, చేయని ఉద్యోగమునకు మూడేండ్ల అనుభవపత్రము సృష్టించి యిచ్చెదమనువారు ప్రతి నగరములోను ఉన్నారు. పొలము తాకట్టుపెట్టి వారి చేతిలో పోసిన కుటుంబములు మన ప్రాంతములోను కలవు. ఆ అనుభవపత్రము నిలువదు. 2014నుండి భవిష్యనిధి ఖాతాదారులలో ఒక్కొక్కరికి ఒక శాశ్వతసంఖ్య యుండుటచేత, ఎవరు ఎచ్చట ఎన్ని నెలలు పనిచేసిరో సరిచూచుట సంస్థలకు కష్టముకాదు. పట్టుబడిన పిల్లవాడు ఉద్యోగముతోబాటు పేరును పోగొట్టుకొనును. కష్టపడి నేర్చినవానికి ఆలస్యముగానైనను పిలుపు వచ్చునని నేను హామీ ఈయలేను. సంస్థలు క్రొత్తవారిని చేర్చుకొనుట తగ్గించిన సంవత్సరములును ఉన్నవి. కాని కొనిన అనుభవముతో ప్రవేశించినవాడు, మూడేండ్ల అనుభవముగలవాడు చేయవలసిన పనిని మొదటి వారముననే చేయవలసివచ్చి, రాత్రులు నిద్రలేక యాతనపడుట తథ్యము.

అరుగుమీది మూడవవాడు ఏ.ఐ. అన్నాడు గదా, ఆ మాటలో కొంత నిజము లేకపోలేదు. కృత్రిమమేధ యను ఆ శాస్త్రమునకు ఇంగ్లీషున ఆ పేరు పెట్టినవాడు రాజ్ రెడ్డిగారి గురువైన జాన్ మెకార్తీయే. 2022 నవంబరులో ఛాట్ జీపీటీ వెలువడినప్పటినుండి, మాటలతో అడిగిన కోడు వ్రాసియిచ్చు యంత్రము ప్రతి పిల్లవానికిని అందుబాటులోనికి వచ్చినది. పూర్వము సంస్థలు క్రొత్తగా చేరినవారికి అప్పగించు చిల్లరపనులు, ఒక ఫారము చేయుట, ఒక పట్టికను మరియొక రూపమునకు మార్చుట, నేడు యంత్రము క్షణములలో చేయుచున్నది. ఇది క్రొత్తవారికి నష్టమే, కాదని బుకాయింపను. మామిడి మండీకి లెక్కల ప్రోగ్రాము చేయుమని ఆ యంత్రము నడుగుడు. చక్కని పేజీని చేసియిచ్చును. ధర గడిని తప్పనిసరి చేసినను చేయవచ్చును, ఎందువలననన అది దామలచెరువున ఒక సాయంకాలము కూర్చుండలేదు. దాని వ్రాతను చదివి, ఇచ్చట ఇది నడవదని చెప్పగలవానికి ఇంకను కొలువున్నది. ఆ చదువు రావలెనన్న, మొదటి కొన్ని నెలలు యంత్రమును ప్రక్కనుంచి స్వహస్తముతో వ్రాయుట మేలని నా మతము. చాల మంది నన్ను ఛాందసుడనవచ్చును.

స్థానికముగా పని లేదా అని అడుగువారున్నారు. విమానాశ్రయము చెంత రేణిగుంటలో వెలసిన ఎలక్ట్రానిక్స్ తయారీకేంద్రమున ఫోనులు, టెలివిజనులు తయారగుట మొదలైన పిదప, పరిసరగ్రామముల యువతీయువకులకు పెక్కురకు కూర్పుపని లభించినది. టెలివిజనులోను సాఫ్ట్‌వేరు ఉన్నది. పెట్టెలో పెట్టుటకు ముందు దానిని పరీక్షించు వరుసలోను ఉన్నది. ఎలక్ట్రానిక్స్ చదివి కోడునందు అభిరుచిగలవారు ఆ వైపు దృష్టి సారింపవలెను. వెబ్ పేజీలు వ్రాయువారు వేలకు వేలున్నారు గాని, యంత్రములోని చిప్పుతో మాటలాడగలవారు అంతమంది లేరు. అట్లే టెస్టింగు, సపోర్టు ఉద్యోగములను చిన్నచూపు చూడవలదు. మొదటి సంవత్సరము వాడుకరుల ఫిర్యాదులు వినినవాడు తరువాత వ్రాయు ప్రోగ్రాములో ఆ ఫిర్యాదులకు చోటుండదు.

కడపట ఆడపిల్లల సంగతి. తిరుపతిలో 1983లో స్థాపింపబడిన శ్రీ పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయమునుండియు, ఇతర కళాశాలలనుండియు, కంప్యూటరు చదువు ముగించుకొని ఇంటనే నిలిచిపోయిన బాలికలు మన వీథులలో నెందరో యున్నారు. ఇంటినుండియే పనిచేయవచ్చును గదా యని తండ్రులందురు. 2020 తరువాత అట్టి పని పెరిగినమాట వాస్తవమే. కాని అది పని వచ్చినవారికి అనుకూలము. పని నేర్చుకొనువారికి కాదు. తన ప్రక్క కుర్చీలో కూర్చున్న అనుభవజ్ఞుడు ఒక లోపమును ఎట్లు వెదకునో, ఎచ్చట మొదలుపెట్టునో, ఏ అనుమానమును ముందు త్రోసివేయునో, కన్నులార చూచి నేర్చుకొనవలసినది వీడియో కాలులో పదవ వంతైనను అందదు. కావున మొదటి రెండేండ్లు కార్యాలయములో గడపనిండు. కొడుకును పంపుటకు అడ్డురాని దూరము కూతురు విషయమున ఎందుకు పెరుగునో ఆలోచింపుడు. సప్తగిరి ఎక్స్‌ప్రెస్ మన రేణిగుంటలో ఆగుచున్నది. మదరాసునకు అది మూడు నాలుగు గంటల ప్రయాణము, శనివారము రాత్రికి బిడ్డ ఇంటిలో భోజనము చేయగలదు. హాస్టలు ఏదో, దానికి బాధ్యులెవరో, కార్యాలయమునుండి ఎంతదూరమో మీరే స్వయముగా పోయి చూచి రండు. చూచి వచ్చిన పిమ్మట, వెళ్లవలెనా వద్దా యను నిర్ణయమును ఆమెకే విడువుడు.